రంపెకి ఏ గ్రేడు ఉక్కు?

పోయిన భాగంలో లంద గురించి రాస్తూ మా తాత రంపె గురించి రెండు వాక్యాలు చెప్పి ముందుకెళ్ళిపోయాను. తెలియనివాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా. రంపె అంటే చెప్పులు కుట్టేవాళ్ళు తోలు కోసే కత్తి. ఆరె అంటే తోలుకి బెజ్జం పొడిచేది. మాదిగ ఇళ్ళల్లో పెద్దలు ఆస్తి పంచుకుంటే చాలాసార్లు పంచుకోడానికి ఉన్నది ఈ రెండే.

ఆ భాగం చదివిన ఒక పాత స్టూడెంటు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివాడు. సత్యవేడు మండలంలో ఒక ఎస్సీ కాలనీ వాళ్ళది. ఇప్పుడు శ్రీసిటీలో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు.

"సార్, జేబులో పెట్టుకునే చాకు ఒకటి కొనాల. ఏ స్టీలుది మంచిది సార్?"

తెలుగు లెక్చరర్ని ఛందస్సు అడగొచ్చు, సంధులు అడగొచ్చు. చాకు అడిగాడు. ఎందుకురా అంటే అసలు సంగతి బయటికొచ్చింది.

ప్యాకింగ్‌లో రోజంతా పని అట్టపెట్టెలు, వాటికి బిగించిన ప్లాస్టిక్ పట్టీలు. కోయడానికి కంపెనీ కట్టర్ ఇస్తుంది. ముక్కలు ముక్కలుగా విరుచుకుంటూ పోయే బ్లేడు ఉంటుందే, అది. (1956లో జపాన్లో ఒల్ఫా కంపెనీ మొదలుపెట్టిన యోషియో ఒకాడా దాన్ని కనిపెట్టాడు. చాక్లెట్ పలక గీతల మీద విరిగేది చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు.) బ్లేడు అయిపోతే కొత్తదానికి స్లిప్పు రాయాలి, సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి. సంతకం పెట్టేవాడు దొరకడు, టార్గెట్ మాత్రం ఆగదు. అందుకని మావాడు సూళ్ళూరుపేట బజార్లో నూటచిల్లర పెట్టి ఒక మడత చాకు కొనుక్కున్నాడు. నెలరోజులు దాంతోనే పట్టీలు కోశాడు. ఒక రాత్రి షిఫ్టు దిగి బయటికొస్తుంటే గేటు దగ్గర ప్యాంటు జేబు తడిమారు. చాకు దొరికింది.

"ఏ ఊరు?" అన్నాడంట సెక్యూరిటీ ఆయన. ఊరి పేరు చెప్పాడు. "ఊర్లోనా, కాలనీలోనా?"

ఈ రెండో ప్రశ్నకి మన జిల్లాలో అర్థం చెప్పక్కర్లేదు.

చాకు పెరుక్కున్నారు. ఇకమీదట తీసుకురానని కాగితం రాయించుకున్నారు. అదే క్యూలో వెనక ఒక ఇంజినీరు ఉన్నాడు. ఆయన తాళంచెవుల గుత్తికి ఎర్రపిడి స్విస్ కత్తి వేలాడుతోంది. సెక్యూరిటీ ఆయన దాన్ని చూసి, "బాగుంది సార్, ఎంత?" అన్నాడంట.

"మంచి స్టీలుదైతే నన్ను గూడా అట్లే చూస్తారేమో అని సార్" అన్నాడు మావాడు.

ఆ మాట పట్టుకుని రెండు వారాలుగా తిరుగుతున్నా. ముందు వాడు అడిగిన ఉక్కు సంగతి చెప్తాను. అందులో దాచాల్సిందేం లేదు, కొంచెం చదివితే ఎవరికైనా తెలుస్తుంది.

జేబుకత్తుల మీద పిచ్చి ఉన్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ఈడీసీ అంటారు, ఎవ్రీడే క్యారీ. పర్సు, టార్చి, వాచీ, కత్తి బల్ల మీద పేర్చి ఫోటోలు పెట్టుకుంటారు. వాళ్ళ మాటల్లో సగం గ్రేడ్ల పేర్లే: డీ2, 14సి28ఎన్, ఎస్30వీ, 8సీఆర్13ఎంఓవీ. వింటే ఏదో మంత్రం చదువుతున్నట్టు ఉంటుంది. మన దేశంలో మంత్రం ఎవరు చదువుతారో, ఎవరు వినకూడదో తెలిసిందే కాబట్టి ఈ మంత్రాన్ని విప్పి చెప్తా.

ఉక్కంటే ఇనుము, అందులో కొద్దిగా కార్బన్. కత్తులకైతే నూటికి అర నుంచి ఒకటి, ఒకటిన్నర వంతు. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నూనెలోనో నీళ్ళలోనో ముంచితే గట్టిపడుతుంది. కానీ గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. అందుకే మళ్ళీ కొంచెం వేడిచేసి ఆ పెళుసుతనం తగ్గిస్తారు. ఎంత గట్టిపడిందో చూడటానికి రాక్‌వెల్ అనే లెక్క ఉంది. వజ్రపు మొనతో ఒత్తి, ఎంత లోతు దిగిందో చూసి అంకె చెప్తారు. జేబుకత్తులు మామూలుగా 55 నుంచి 62 మధ్య ఉంటాయి. ఆ ఇంజినీరు ఎర్రపిడి కత్తి లాంటివి 55, 56. అంటే మెత్తవైపే.

కత్తి ఉక్కు నుంచి మనం కోరేవి మూడు. పదును ఎక్కువ కాలం నిలవాలి. అంచు పెచ్చులూడకూడదు. తుప్పు పట్టకూడదు. మూడూ ఒకచోట పూర్తిగా దొరకవు. గట్టిదనం పెంచితే పెళుసుతనం వస్తుంది. తుప్పు ఆపడానికి క్రోమియం నూటికి 13 దాకా కలుపుతారు. అది స్టెయిన్‌లెస్. గ్రేడు పేర్లలో చాలావరకు ఈ లెక్కలే దాగి ఉంటాయి. 1095 అంటే నూటికి 0.95 వంతు కార్బన్ ఉన్న మామూలు ఉక్కు. 8సీఆర్13 అంటే 0.8 కార్బన్, 13 క్రోమియం. 14సి28ఎన్ స్వీడన్‌ది, క్రోమియం 14. డీ2లో క్రోమియం 12 దాకా ఉన్నా అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి గింజలుగా మారిపోతుంది, అందుకే చెమట తగిలితే దానికి చుక్కలు పడతాయి. ఇక "సర్జికల్ స్టీల్" అని పెట్టె మీద రాసి ఉంటే అది ఏ గ్రేడూ కాదు, అమ్మకం మాట. "డమాస్కస్" అని నీటి అలల డిజైనుతో ఆన్‌లైన్లో అమ్మేవి కూడా చాలావరకు రెండు రకాల ఉక్కుల్ని పొరలు పొరలుగా అతికి, యాసిడ్‌తో గీతలు తేల్చినవే. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు.

ఆ వేరు ఉక్కు మనదే. యూరపువాళ్ళు వూట్జ్ అని రాసుకున్నది మన భాషల్లోని ఉక్కు అన్న మాటనే. నిజామాబాద్ ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరు ఉంది. అక్కడ మట్టి మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్ళు. ఇది చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనొకటి అడుగుతా. కొలిమి మండాలంటే తిత్తి ఊదాలి. తిత్తి తోలుది. ఆ తోలు ఎవరు ఊనారు?

ఇక్కడ నా సబ్జెక్టులోకి వస్తా, కొంచెం ఓపిక పట్టండి. తెలుగులో పదును అన్న మాట ఒకటే, పనులు మూడు. కొలిమిలో కాల్చి ముంచితే ఇనుముకి పదును. వాన పడి దున్నడానికి నేల అనువుగా ఉంటే పదును. పచ్చి తోలుని తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనబెట్టి కుళ్ళకుండా చేస్తే అది కూడా పదును చెయ్యడమే. బ్రౌను నిఘంటువులో చూసుకోవచ్చు. కమ్మరి, రైతు, మాదిగ. ముగ్గురి పనికీ భాష ఒకే మాట ఇచ్చింది, సమాజం మాత్రం ఒకే బావి ఇవ్వలేదు. పీహెచ్‌డీ చేసేటప్పుడు నేను దళిత కవిత్వం మీద పనిచేశాను. 1996లో వచ్చిన సంకలనం పేరు "పదునెక్కిన పాట". అందరూ ఆ పదునుని కత్తి పదునుగానే చదివారు, నేనూ అట్లాగే చదివాను. అది తోలు పదును కూడా కావచ్చని అప్పుడు నాకు తట్టలేదు. మాదిగ ఇంట్లో పుట్టి కూడా తట్టలేదు. చదువు కొన్నిసార్లు అంత పని చేస్తుంది.

సరే, రంపె. మా తాత రంపె కమ్మరి చేసింది కాదు. లేతు షాపుల్లో ఇనుప కడ్డీలు కోసే పెద్ద మరరంపం ఉంటుంది. పళ్ళు అరిగిపోతే ఆ బ్లేడు పారేస్తారు. అట్లాంటి ముక్కని తెచ్చి, ఒక కొసన ఏటవాలుగా అరగదీసి, ఇంకో కొసకి గుడ్డ, దానిమీద తోలు చుట్టుకున్నాడు. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే చాలామంది చేతుల్లో మీరిప్పుడు చూసేది కూడా అదే. షాపువాడు నాలుగు ముక్కలు ముందర పడేస్తే తాత ఒక్కోదాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకునేవాడంట. "ఇది మెత్తది, ఇది పనికిరాదు" అని పక్కన పెట్టేవాడని మా నాయన చెప్పేవాడు.

నాకొక స్నేహితుడు ఉన్నాడు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెప్తాడు. స్టూడెంటు ఫోన్ చేసిన వారంలోనే రంపె తీసుకెళ్ళి అతనికిచ్చా. ముందు ఆకురాయితో గీశాడు. ఆకురాయి జారిపోయింది, గీత పడలేదు. సానచక్రానికి ఆనించాడు. మామూలు ఉక్కైతే తెల్లగా చిచ్చుబుడ్డి మాదిరి చిమ్ముతుందంట. దీనికి నాలుగే నిప్పురవ్వలు, ముదురు ఎరుపు. అతని ముఖం మారిపోయింది. రాక్‌వెల్ మిషన్ కింద పెట్టాడు. 63.

"హైస్పీడ్ స్టీలురా ఇది. ఎం2 అయ్యుండొచ్చు. టంగ్‌స్టన్, మాలిబ్డినం ఉంటాయి ఇందులో. ఇంత గట్టి ఉక్కుతో జేబుకత్తి చేసి అమ్మితే దాని రేటు నీకు తెలుసా?"

నాకు తెలీదు. తాతకీ తెలీదు. ఆయనకి తెలిసింది వేరే. ఇంత గట్టి ఉక్కు మొన మీద పడితే చిట్లుతుందని తెలుసు, అందుకే మొన లేకుండా అరగదీశాడు. తోలులోని కరక్కాయ పులుపుకి ఇనుము నల్లబడుతుందని తెలుసు, అందుకే కోసిన ప్రతిసారీ తుడిచేవాడు. (కరక్కాయ, అన్నభేది కలిపితే సిరా అవుతుంది. ఆ సిరాతో రాసినవాళ్ళు వేరే వీధిలో ఉండేవాళ్ళు.) అంచు మందగిస్తే నల్లరాయి మీద నాలుగు సార్లు నూరి, చివర్న తొడ మీద పరుచుకున్న తోలు ముక్క మీద అటూ ఇటూ లాగేవాడు. ఈడీసీవాళ్ళు దీన్నే స్ట్రాపింగ్ అంటారు, దానికి ప్రత్యేకంగా తోలు పట్టీలు కొంటారు. ఎంత ఖరీదైన పౌడర్ స్టీలైనా చివరి మెరుగు చాలామంది తోలు మీదే పెడతారు.

ఆ రంపెతో తాత వీధిలో ఎట్లా నడిచేవాడో కూడా చెప్పాలి. సంతకి పోవాలంటే ఊరి మధ్యలోంచే దారి. రంపె గుడ్డలో చుట్టి సంచి అట్టడుగున పెట్టేవాడు, దానిమీద అమ్మాల్సిన చెప్పులు. తన చెప్పులు చేతిలో. ఊరు దాటాక చెప్పులు కాళ్ళకి వచ్చేవి. రంపె మాత్రం సంతలో కూర్చున్నాకే బయటికొచ్చేది. ఊరికి తాత చెప్పులు కావాలి, ఆ చెప్పులు కోసిన కత్తి కంటికి కనపడకూడదు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం, కేవలం ఇంటి పనికీ సేద్యానికీ చేసిన వస్తువుల్ని ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. దానికింద వచ్చిన 2016 నిబంధనల్లో కత్తుల సంగతి ఉంది. తొమ్మిది అంగుళాల కంటే పొడుగు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడు ఆయుధం కిందికి వస్తుంది. ఇంటికి, సేద్యానికి, శాస్త్రానికి, పరిశ్రమకి చేసినవి అక్కడ కూడా మినహాయింపే. ఢిల్లీలో మాత్రం 1980లో ఒక నోటిఫికేషన్ ఇచ్చి బటన్ కత్తుల మీద కొలత బిగించారు. అక్కడి లెక్క 7.62 సెంటీమీటర్లు, అంటే మూడంగుళాలు. మావాడి చాకు బ్లేడు రెండున్నర అంగుళాలు. ఏ లెక్కన చూసినా అది పనిముట్టే. కంపెనీ లోపల ఏం తేవచ్చో ఏం తేకూడదో చెప్పుకునే హక్కు కంపెనీకి ఉంది, దాన్ని నేను కాదనను. చాకులు లోపలికి వద్దంటే వద్దు. కానీ వద్దు అన్నది తాళంచెవుల గుత్తికి కూడా వర్తించాలి కదా. "కాలనీలోనా?" అన్నది ఏ నిబంధనలో ఉంది?

నాకూ ఒకసారి అయింది. రెండేళ్ళ కిందట రాత్రిపూట బండి మీద వస్తుంటే తనిఖీలో ఆపారు. ఎక్కడో, ఎవరో చెప్పను. నా బ్యాగులో ఓపినెల్ ఉంది. ఫ్రాన్సులో 1890 నుంచి చేస్తున్న కొయ్యపిడి కత్తి. రైతులు, కూలీలు రొట్టె కోసుకోడానికి వాడిన రకం. నేను మామిడికాయలకీ, అంచులు కత్తిరించకుండా వచ్చిన పాత పుస్తకాల పేజీలు విప్పడానికీ వాడతా. కత్తి బయటికి రాగానే గొంతులు మారాయి. "ఎందుకురా నీకు కత్తి?" ఐడీ కార్డు చూపించా. డాక్టర్ అని, లెక్చరర్ అని ఉంది. "రా" పోయి "సార్" వచ్చింది. నా పక్కన ఇంకో బండి కుర్రాణ్ణి ఆపి ఉన్నారు. టైల్స్ పనికి పోయొస్తున్నాడు, సంచిలో టైల్స్ కట్టరు, ఉలి. వాడి దగ్గర కార్డు లేదు. నేను బయల్దేరేటప్పటికి వాడింకా అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనాగి మాట్లాడాను అని రాయాలని ఉంది. మాట్లాడలేదు. నా సార్ నాకు దొరికింది, వచ్చేశాను.

అందుకే మావాడి ప్రశ్నకి నా దగ్గర నిజమైన జవాబు ఉంది. ఆ రాత్రి నన్ను వదిలింది నా కత్తిలోని ఉక్కు కాదు, జేబులోని కార్డు.

అంబేడ్కర్ 1936లో "కుల నిర్మూలన"లో ఈ ప్రశ్న ఇంకో వైపు నుంచి వేశాడు. ఇన్ని వేల ఏళ్ళు ఇంత బాధపడ్డవాళ్ళు ఎందుకు తిరగబడలేదు? చాతుర్వర్ణ్యం వాళ్ళ చేతికి నాగలి ఇచ్చింది గానీ ఆయుధం పట్టనివ్వలేదు, చదువు పట్టనివ్వలేదు, అందుకే అంటాడు. చదువుకున్న ప్రతి దళితుడూ అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. ఆయన తర్వాత ఏం చేశాడో కూడా చూడాలి. మనకి కత్తులు పంచలేదు. రాజ్యాంగం రాశాడు. అదే రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో సిక్కుల కృపాణం ప్రస్తావన ఉంది, వాళ్ళు దాన్ని ధరించడం మతస్వేచ్ఛలో భాగం అని. ఒక సమాజం నడుముకున్న కత్తిని రాజ్యాంగం గుర్తించిన దేశంలో మా తాత కత్తి సంచి అడుగు దాటలేదు.

ఇక్కడ నాతో గొడవపడే మిత్రులున్నారు. మన పిల్లలందరూ జేబులో కత్తి పెట్టుకోవాలి, ఆత్మరక్షణకి, ఇంకెన్నాళ్ళు అని వాళ్ళు అంటారు. వాళ్ళ కోపం నాకు పరాయిది కాదు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని చంపినవాళ్ళు లైసెన్సులు కావాల్సిన ఆయుధాలతో రాలేదు. గొడ్డళ్ళు, బరిసెలు, కర్రలు. చాలావరకు ఇళ్ళలో, పొలాల్లో ఉండేవే. చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ లెక్క తెలిసినవాడికి ఎవడైనా శాంతం నేర్పితే నాకూ ఒళ్ళు మండుతుంది.

అయినా ఒప్పుకోను. జేబుకత్తి గుంపుని ఆపదు. మూడంగుళాల మడత చాకు తెరవడానికి రెండు చేతులు కావాలి, అప్పటికి మీద పడ్డవాళ్ళు పదిమంది ఉంటారు. బయటికి తీసింది ఎవడు, పొడిచింది ఎవడు అని తర్వాత రాసేది మనం కాదు. చేత్తో కొడితే భారతీయ న్యాయ సంహిత 115, కత్తి గీసుకున్నా 118. మనం పెట్టిన అట్రాసిటీ కేసుకి ఎదురుగా కౌంటర్ కేసు పెట్టడం ఎంత మామూలో స్టేషన్ల చుట్టూ తిరిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ కౌంటర్ కేసులో ఆధారం మన జేబులోంచే తీసి ఇవ్వడం ఎందుకు? అన్నిటికంటే ముఖ్యం, మా తాత జీవితమంతా ఆ రంపెని కత్తి కాదు, పనిముట్టు అని రుజువు చేసుకుంటూ బతికాడు. దాన్ని మనమే ఆయుధం అంటే ఆ సెక్యూరిటీ ఆయన అన్నదే మనమూ అన్నట్టు. నాకు కావాల్సింది పనిముట్టుని పనిముట్టుగానే జేబులో పెట్టుకుని, తల వంచకుండా గేటు దాటే హక్కు.

ఇక మావాడికి నేను చెప్పింది. ఇది నా అభిప్రాయం, మీకు తెలిసింది మీరు చెప్పండి.

బ్లేడు మూడంగుళాలు దాటొద్దు. బటన్ నొక్కితే, వేలితో విదిలిస్తే తెరుచుకునేవి వద్దు. పనికి అవి గొప్పవేం కాదు, చూసేవాడి కళ్ళకి మాత్రం సినిమా చూపిస్తాయి. నల్లరంగు బ్లేడు, ఒకవైపు రంపం పళ్ళు, మిలటరీ డిజైను వద్దు. కొయ్యపిడి ఉంటే మంచిది. మందమైన బ్లేడుని బలం అనుకుంటారు, అట్టపెట్టె కోసేటప్పుడు అది ఇరుక్కుంటుంది. పల్చటి బ్లేడు చవక ఉక్కుదైనా మందపాటి ఖరీదు ఉక్కు కంటే బాగా కోస్తుంది.

ఉక్కు స్టెయిన్‌లెస్ తీసుకోమన్నా. తడ పక్కనే పులికాట్, ఉప్పుగాలి, పన్నెండు గంటల చెమట. 1095 లాంటి మామూలు కార్బన్ ఉక్కు తియ్యగా నూరుకుంటుంది, నాకు ఇష్టం, కానీ మనవైపు వారం తుడవకపోతే ఎర్రబడుతుంది. ఎస్30వీ లాంటి పౌడర్ స్టీళ్ళు వద్దు. పదును బాగా నిలుస్తుంది నిజమే, పోయినరోజు మాత్రం డైమండ్ రాయి కావాలి. మీ కాలనీలో కొళాయి పక్క బండ మీద నూరుకోగలిగిన ఉక్కే నీకు మంచి ఉక్కు. 56, 58 దగ్గర ఉండేది, 14సి28ఎన్ దొరికితే సంతోషం, దొరక్కపోతే పేరున్న కంపెనీ మామూలు స్టెయిన్‌లెస్ చాలు. గ్రేడు కంటే దాన్ని కాల్చి పదును పెట్టినవాడి చెయ్యి ముఖ్యం. ఒకే గ్రేడు ఇద్దరి దగ్గర రెండు రకాలుగా వస్తుంది.

కొన్నాక దాన్ని ఫ్యాక్టరీకి తీసుకుపోవద్దని కూడా చెప్పా. కొంచెం నిరాశపడ్డాడు. "మరి పట్టీలు ఎట్ల కొయ్యాల సార్?" అన్నాడు. కొయ్యాల్సిన బ్లేడు ఇవ్వాల్సింది పని చేయించుకునేవాడు. నీ జేబులోంచి నూటచిల్లర తీసి కంపెనీ పనిముట్టు కొనిపెట్టి, దానికి మళ్ళీ నువ్వే క్షమాపణ రాసివ్వడమేంటి? ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాం. షిఫ్టు మొదట్లోనే మనిషికి ఇన్ని బ్లేడులు ఇవ్వాలని, స్లిప్పుకి సంతకం పెట్టేవాళ్ళు రాత్రిపూట కూడా ఉండాలని, మొండి బ్లేడుతో బలంగా లాగితే చెయ్యి తెగుతుందని, సోదాలో ఊరు, వీధి అడగకూడదని. తెలుగులోనే రాశాం. ఆఖరి వాక్యం తీసేద్దాం సార్ అన్నాడు వాడు. కాసేపు వాదించుకున్నాం. ఉద్యోగం వాడిది, నాది కాదు. తీసేశాం. ఆ వాక్యం ఇక్కడ రాస్తున్నా, ఇక్కడైతే వాడి పేరు లేదు.

వాడితో పాటు తొమ్మిదిమంది సంతకాలు పెట్టారు. కాంట్రాక్టరు తీసుకుని "చూద్దాం" అన్నాడంట. నాలుగు రోజుల తర్వాత ప్యాకింగ్ బల్ల మీద ఒక డబ్బా బ్లేడులు పెట్టారు. ఎన్నాళ్ళు పెడతారో తెలీదు.

పోయిన ఆదివారం మావాడు కొత్త చాకుతో ఇంటికొచ్చాడు. కొయ్యపిడి, స్టెయిన్‌లెస్, రెండు ముప్పావు అంగుళాలు. తాత నల్లరాయి తడిపి ఎట్లా నూరాలో చూపించా. వెన్ను రాయికి ఇరవై డిగ్రీల ఎత్తున, రెండు వైపులా సమానంగా. మొదట్లో వాడి చెయ్యి వణికింది, తర్వాత కుదిరింది. చివర్న నా పాత బెల్టు మేకుకి తగిలించి తోలు మీద లాగాం. పేపరు కోసి చూసుకుని నవ్వాడు. మాయమ్మ మామిడికాయ తెచ్చిచ్చింది, దాంతోనే కోశాడు.

పోయేముందు రంపె చూపించమన్నాడు. చేతిలో తిప్పి తిప్పి చూసి, మధ్యలో చిన్న గుంట మీద వేలు పెట్టాడు. రాక్‌వెల్ మిషన్ వజ్రం ఒత్తిన గుర్తు.

"ఇదేంది సార్, చొట్ట?"

"గ్రేడు చూసిన గుర్తు" అన్నా.

వచ్చే భాగం డప్పు మూత గురించి. చలికాలం డప్పుని మంట దగ్గర ఎందుకు కాస్తారో అందులో రాస్తా. జై భీమ్.